జలగల కుండలో కామందుగారి నెత్తురు

ఆస్పత్రి కొలువులో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. మర్యాదగా కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, చివరికి నవ్వు ఆపుకోలేక అడుగుతారు: "ఏంటండీ, మీ రోజుల్లో దేనికైనా నెత్తురు తీసేవారటగా?"

తీసేవాళ్లం నాయనా. జ్వరానికి తీసేవాళ్లం, తలపోటుకి తీసేవాళ్లం, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడికి తీసేవాళ్లం. ఊరికే దిగులుగా ఉందన్నవాడికి కూడా ఓ గిన్నెడు తీసి పంపేవాళ్లం. వాడు ఇంటికెళ్లి నీరసంతో పడుకునేవాడు. లేచేసరికి దిగులెందుకు పడ్డాడో మరిచిపోయేవాడు. అందులో వైద్యమెంత, పడకెంత అని ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. మీరు ఇవాళ చేస్తున్న వైద్యాన్ని చూసి నవ్వబోయేవాళ్లు కూడా ఎక్కడో పుట్టే ఉంటారు, కాబట్టి మరీ గట్టిగా నవ్వకండి.

నేను పనిచేసింది నరసాపురంలో, గోదావరి గట్టు మీదున్న పెంకుటి ఆస్పత్రిలో. ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, డ్రెస్సరుగా నేను, ఒక బంట్రోతు. అదే మా సైన్యం. పుండ్లు కడిగి కట్టు కట్టడం, డాక్టరుగారు చెప్పినవాళ్లకి నెత్తురు తీయడం నా పని. జబ్బకి గుడ్డ బిగించి, నరం ఉబ్బాక చిన్న కత్తితో గాటు పెట్టి, గిన్నెలోకి పట్టేవాణ్ణి. నా చెయ్యి తేలికని పేరుండేది. ఆ పేరు నేనే పుట్టించానని కాంపౌండరు చెబుతుండేవాడు. అది అసూయ.

మా వాళ్లకి నొప్పంటే భయం లేదు. వలతాడు కోసుకుపోయి అరచెయ్యి రెండుగా చీలిన పల్లెకారు మనిషి కూడా నా ముందు కూర్చుని చేపల ధర గురించి మాట్లాడేవాడు. కానీ గిన్నెలోకి నెత్తురు పడడం మొదలవగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఇది ఎక్కడికెళ్తుందండీ?"

వాళ్ల భయం చిల్లంగి. మా గోదావరి జిల్లాల్లో ఆ మాట తెలియని ఇల్లు లేదు. మన తలవెంట్రుకో, గోరో, కట్టి విడిచిన బట్ట పీలికో పనికిమాలినవాడి చేతిలో పడితే, వాడు దాని మీద మంత్రం వేసి మనిషిని మంచాన పడేస్తాడని నమ్మకం. గోటికే అంత శక్తి ఉంటే గిన్నెడు నెత్తురికి ఎంతుండాలి? అందుకని నాకంటే ముందు ఆ పనిచేసిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. నెత్తురు తీశాక ఆ గిన్నె పట్టుకుని, రోగి తాలూకు మనిషిని వెంటబెట్టుకుని రేవుకి వెళ్లి, వాళ్ల కళ్లముందే గోదావరిలో కలిపేయాలి. వాళ్లు గిన్నె కడిగించేవారు. గిన్నె తుడిచిన గుడ్డ కూడా జాడింపించేవారు. ఒక పెద్దావిడ నా చేతి గోళ్లు చూపించమని పట్టుబట్టింది. ఏ గోటి సందునో తన మనవడి నెత్తురు దాచుకుని పోతానని ఆవిడ అనుమానం. నేను చూపించాను. ఆవిడ చూసి, గోళ్లు తీయించుకోమని సలహా ఇచ్చి వెళ్లింది.

ఇంత జాగ్రత్తపడేవాళ్లకి జలగల సంగతి మాత్రం చాలాకాలం తోచలేదు.

వాపులకీ, కంటిజబ్బులకీ డాక్టరుగారు కత్తి పెట్టనిచ్చేవారు కారు, జలగలు పట్టించమనేవారు. జలగల్ని తెచ్చేది ఒక ముసలావిడ. పల్లెకారుల పేటలో ఒంటరిగా ఉండేది, మొగుడు సముద్రం మీదికెళ్లి తిరిగిరాలేదు. ఆస్పత్రిలో అందరం జలగల మామ్మ అనేవాళ్లం. వరిచేల పక్క మడుగుల్లో మోకాళ్లలోతు దిగి, జలగ కాలికి పట్టగానే తీసి కుండలో వేసుకునేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. మా వైపు ఆడవాళ్లు చాలామంది అలాగే కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఇంత నిప్పు నోట్లో పెట్టుకునే మనిషికి ఆ వయసులోనూ ఒక్క పన్ను కదలలేదు. ఆవిడకి అదొక గర్వం. ఎవరైనా వయసెంత అని అడిగితే జవాబుగా పళ్లు ఇకిలించేది.

ఆడరోగులకి జలగలు ఆవిడే పట్టించేది. మగవాళ్లకి నేను పట్టించేవాణ్ణి. పట్టించిన జలగని పారేయాలని డాక్టరుగారి ఆజ్ఞ. కానీ మామ్మ పారేయనిచ్చేది కాదు. "కడుపు నిండా తాగిన బిడ్డల్ని పారేత్తారా? మీకు బిడ్డల్లేరా బాబూ?" అని కుండలో వేసుకుపోయేది. వాటిని నీళ్లు మారుస్తూ, కాస్త మట్టి వేసి కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంచి, ఆకలి పుట్టాక మళ్లీ తెచ్చేది. ఎండాకాలంలో మడుగులెండిపోతే కొత్తవి దొరకవు కాబట్టి మేమూ చూసీచూడనట్టుండేవాళ్లం. ఒకరికి పట్టించింది ఇంకొకరికి పట్టించడం ప్రమాదమని ఇప్పుడు మీ పుస్తకాల్లో ఉందట. నిజమే అయ్యుంటుంది. మా రోగులకి ఆ పుస్తకం అందలేదు, బతికిపోయారు.

మామ్మకి ఒకే ఒక్క జబ్బుండేది, అది నోరు. సంతలో తనూ నాలుగు చేపలు పెట్టుకుని, చేపలమ్మే ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఏ పెద్దమనిషి నెత్తురు ఎలాంటిదో చెప్పుకునేది. "మునసబుగారిది చిక్కన. ప్లీడరుగారిది పులుపు, నా బిడ్డలు మొహం తిప్పుకున్నాయి. సాహుకారుగారిది చుక్క కూడా రాలేదు, ఆయన దగ్గర ఏదొచ్చింది గనక!" అందరూ పడిపడి నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఆవిడ ఏమైనా చెప్పేది.

ఇక కామందుగారి సంగతి. ఆయన గోదావరి అవతలి గట్టు మనిషి. వంద ఎకరాలకి పైగా పొలం, దానికి తగిన పొట్ట. మోకాలు వాచి పడవలో వచ్చారు. డాక్టరుగారు జలగలు పట్టించమన్నారు. నేను పట్టిస్తున్నంతసేపూ ఆయన తన ఎడ్లజత గురించి చెప్పారు, నేను వింటూ జలగల్ని లెక్కపెట్టుకున్నాను. వాపు దిగింది. ఆయన సంతోషంగా వెళ్లారు. జలగల్ని మామ్మ కుండలో వేసుకుని తనూ సంతోషంగా వెళ్లింది.

ఆ వారం సంతలో అవతలి గట్టు మనిషెవరో మామ్మ దగ్గర చేపలు బేరమాడి, మరీ తక్కువకి అడిగాడట. మామ్మకి ఒళ్లు మండింది. "నాతో బేరాలాడకు. మీ కామందు నెత్తురు నా కుండలో ఉంది, తెలుసా?" అంది. ఆవిడ ఉద్దేశం, మీ పెద్దవాళ్లే నా దగ్గరకొస్తారు, నువ్వెంత అని. కానీ ఆ మాట పడవెక్కి అవతలి గట్టుకి చేరేసరికి దాని మొహం మారిపోయింది. సరిగ్గా అప్పుడే కామందుగారికి చలిజ్వరం పట్టుకుంది. ఆ కాలువల్లో, ఆ దోమల్లో చలిజ్వరం రానివాడు లేడు. అయినా పెద్దవాళ్లకి మామూలు జబ్బు వచ్చిందంటే ఎవరూ ఒప్పుకోరు.

ఒక ఉదయం నేను కట్టుగుడ్డలు చింపుకుంటుంటే మామ్మ కుండ చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేనెప్పుడూ ఆవిడ నోట్లో చుట్ట లేకుండా చూడలేదు. ఆ రోజు లేదు.

"బాబూ, నా పళ్లు పీకేత్తారంట! పట్టుకారు పట్టుకొని పడవ దిగేరు! మా పేటోళ్లు తలుపులేసేసుకున్నారు బాబూ, ఒక్కళ్లు కూడా తియ్యలేదు!"

నవ్వుతూ మొదలెట్టిన కథలో ఇక్కడ కాస్త ఆగాలి. చిల్లంగి పెట్టిందని అనుమానపడ్డ మనిషికి ముందుపళ్లు ఊడగొట్టేవారు. పళ్లు లేకపోతే మంత్రం నోట సరిగా పలకదని. అలాంటి నోటికి నేను అంతకుముందోసారి మందు రాశాను. పుండు మానింది గానీ ఆ మనిషితో తర్వాత ఎవరూ మాట్లాడలేదు, నిప్పు కూడా ఇవ్వలేదు. కొన్నాళ్లకి ఊరు విడిచిపోయాడు. అందుకే మామ్మని ఇంకేమీ అడగలేదు. ఆవిణ్ణి మందుల గదిలోకి తోసి, తలుపు గడియపెట్టి, డాక్టరుగారిని పిలిచాను.

అప్పటికే వాళ్లు వసారా మెట్ల దగ్గరికొచ్చేశారు. ముందు కామందుగారి బావమరిది, పాతికేళ్లవాడు, మీసం కొత్త, కోపం అంతకన్నా కొత్త. వెనక ఓ పదిమంది మనుషులు, వాళ్లలో పట్టుకారు పట్టుకున్న కమ్మరి. అందరికన్నా వెనక, గొడుగు నీడలో కామందుగారి భార్య. అక్కగారు డాక్టరుని తీసుకెళ్లడానికి వచ్చింది. తమ్ముడు పళ్లు తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇద్దరూ ఒకే పడవలో వచ్చారు.

"నమస్కారమండి," అన్నాడు బావమరిది. మా వైపు తన్నడానికొచ్చినా ముందు నమస్కారం పెడతారు. "తమరితో మాకేం గొడవ లేదండి. ఆ ముసల్దాన్ని ఇటు పంపేయండి, మా పని చూసుకుని వెళ్లిపోతాం."

డాక్టరుగారు మద్రాసులో చదువుకొచ్చినవారు, మంచివారు, మాటల మీద అపారమైన నమ్మకం ఉన్నవారు. మెట్ల మీద నిలబడి జలగ కడుపు ఎలా ఉంటుందో, అందులో నెత్తురు ఎలా అరుగుతుందో, చలిజ్వరం ఎందుకొస్తుందో అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పారు. వాళ్లు చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నారు. ఒకడు తలపాగా కూడా తీశాడు.

"ఆయ్. బాగా చెప్పారండి," అన్నాడు బావమరిది అంతా అయ్యాక. "ఇక ముసల్దాన్ని పంపండి."

డాక్టరుగారు నా వైపు తిరిగి, "పోలీసులకి కబురు పెట్టనా?" అన్నారు మెల్లగా. పెట్టొచ్చు. కానిస్టేబులు వస్తాడు, ఇవాళ వీళ్లని పంపేస్తాడు. రేపు మామ్మ తన గుడిసెకి పోవాలిగా. పేటవాళ్లే తలుపు తీయని మనిషిని రేపు ఎవరు కాస్తారు? పైగా ఆ కానిస్టేబులు తన మొలతాడుకి చిల్లంగి తాయెత్తు కట్టుకు తిరుగుతాడని నాకు తెలుసు. వాడి పుండుకి కట్టు కట్టింది నేనే.

ఈలోగా బావమరిది నన్ను పట్టుకున్నాడు. "ఏమండీ డ్రెస్సరుగారూ, ఈ ఆస్పత్రిలో తీసిన నెత్తురు మా కళ్లముందే గోదాట్లో కలుపుతారా లేదా?"

"కలుపుతామండి."

"మరి మా బావ నెత్తురు కుండలో ఎందుకుందండీ?"

కుర్రవాడు కోపంలో ఉన్నా తప్పు మాట్లాడలేదు. నెత్తురు వదిలేస్తే ప్రమాదం కాబట్టే మీరూ గోదాట్లో కలుపుతున్నారని వాళ్లు అర్థం చేసుకున్నారు. భయం పోగొడదామని మేం పెట్టుకున్న పద్ధతే ఆ భయానికి సాక్ష్యం చెప్పింది.

ఇలాంటప్పుడు గదిలో ఉన్న మనిషి నోరు మూసుకు కూర్చోవాలి. మామ్మ కూర్చోలేదు. "మీ బావ నెత్తురేమైనా పన్నీరా?" అని లోపల్నించి అరిచింది. "అది తాగి నా బిడ్డలు రెండ్రోజులు కక్కుకున్నాయి!"

మెట్ల మీద కలకలం రేగింది. తలుపు గడియ సరే, ఆ నోటికి గడియ ఏదీ అని నాకు ఏడుపొచ్చింది. బావమరిది రెండు మెట్లు ఎక్కేశాడు. "వింటున్నారా అక్కా? దాని నోటితోనే ఒప్పుకుంది! ఆ కుండలో ఎవరి నెత్తురుంటే వాళ్లు మంచం మీంచి లేవరు, చూస్తూ ఉండండి!"

ఆ మాటకి నా వెనక ఏదో సీసా కింద పడి పగిలింది. కాంపౌండరు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎవరిదున్నా లేవరాండీ?" అన్నాడు.

"లేవరు."

"అయితే... నాది కూడా ఉందండి అందులో."

అందరూ ఆయన వైపు తిరిగారు. నాకూ కొత్త సంగతే. ఎప్పుడు పట్టించుకున్నావయ్యా అని నేనడిగాను. పోయిన నెలలోనట, నాకు తెలియకుండా మామ్మ చేతనే పట్టించుకున్నాడట.

"ఎక్కడ పట్టించుకున్నారండీ?" అన్నాడు బావమరిది అనుమానంగా.

కాంపౌండరు చుట్టూ చూశాడు. డాక్టరుగారి వైపు, నా వైపు, గొడుగు కిందున్న ఆడమనిషి వైపు చూశాడు. "కూర్చునే చోటండి," అన్నాడు చివరికి, వినబడీ వినబడకుండా. "మొలలకి."

ముందు కమ్మరి నవ్వాడు. వాడి చేతిలో పట్టుకారు టకటకమంది. తర్వాత వెనకవాళ్లు. డాక్టరుగారు దగ్గు వచ్చినట్టు చేతిరుమాలు మూతికి పెట్టుకున్నారు. బావమరిది మాత్రం నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ, "అదే జలగా? మా బావకి పట్టించింది?" అన్నాడు.

"అదే!" అంది లోపల్నించి మామ్మ. "ఆ పొడుగ్గా ఉండేదే! ముందు కాంపౌండరుబాబుకి, ఆ తర్వాతే కామందుబాబుకి!"

కామందుగారి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడు మంచం మీద ఉన్నాడు, అయినా నవ్వొచ్చింది పాపం, ఏం చేస్తుంది.

నవ్వు సద్దుమణిగాక కమ్మరి గొంతు సవరించుకున్నాడు. ఆ పట్టుకారు వాడికిష్టం లేదని ముందునుంచీ నాకు అనిపిస్తూనే ఉంది. "బాబూ, రెండు నెత్తుళ్లు కలిసిపోతే చిల్లంగి పారదండి. ఎవరి మీదికెళ్లాలో దానికి తెలవదు. మా తాత చెప్పేవోడు."

మిగతావాళ్లూ తలలూపారు. అవును, అలాగే విన్నామన్నారు. నాకు ఊపిరి వచ్చింది. కానీ బావమరిది అంత తేలిగ్గా వదిలేలా లేడు. "ఇదంతా నోటి మాట. ముసల్దాన్ని కాపాడ్డానికి చెప్తున్నారేమో. కాంపౌండరుగారిని గుర్తు చూపించమనండి."

కాంపౌండరు రెండు చేతులతో పంచె వెనక గట్టిగా పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. చంపినా చూపించడని అందరికీ అర్థమైంది.

అప్పుడు నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. పెద్ద ఆలోచన చేసి మడవలేదు, ఇంకేం చెయ్యాలో తోచక మడిచాను. "ఆయన పాత నెత్తురు సంగతి వదిలేయండి. మీ కళ్లముందే నా నెత్తురు కలుపుతాను. ఆ తర్వాత ఆవిడ మీ బావ మీద ఏం పంపినా నాకూ తగలాలి. అంత తెలివితక్కువవాణ్ణి కాదని నా మొహం చూస్తే తెలియడం లేదా?"

నా మొహం చూసి తేల్చుకోలేకపోయారు. అయినా సరేనన్నారు. తలుపు ఓరగా తీసి కుండ అందుకుని, మళ్లీ గడియపెట్టి, జలగని తీసి నా జబ్బ మీద పెట్టాను. అది అటు పాకింది, ఇటు పాకింది, ముడుచుకుని కింద పడింది. ఇంకోటి పెట్టాను. అదీ పడింది. అవన్నీ ఈమధ్యనే కడుపు నిండా తాగినవి, ఆకలి లేదు.

మెట్ల మీద మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి. "చూశారా, వేరే నెత్తురు ముట్టవు. కామందు కోసం మంత్రించి పెట్టింది." కమ్మరి కూడా ఓ అడుగు వెనక్కి వేశాడు. గదిలో మామ్మ ఏడుపు వినబడుతోంది. తేలికైన చెయ్యని నాకున్న పేరు జలగల ముందు పనికిరాలేదు.

డాక్టరుగారు కోటు విప్పి బంట్రోతు చేతికిచ్చి, నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. "నాకు పట్టించు," అన్నారు. తర్వాత నా చెవిలో, "ఇది శాస్త్రం కాదు, తెలుసుగా?"

"తెలుసండి."

"నొప్పి పుడుతుందా?"

అన్నేళ్లుగా ఎంతమందికో జలగలు పట్టించమని చెప్పిన మనిషి అడిగిన ప్రశ్న అది. చీమ కుట్టినట్టుంటుందని, మేం అందరికీ చెప్పే అబద్ధమే ఆయనకీ చెప్పాను. సూదితో చిన్న చుక్క నెత్తురు తెప్పించి, అక్కడ జలగని ఆనించాను. వాసన తగిలితే ఒక్కోసారి కడుపు నిండినదీ ఒప్పుకుంటుంది. అది తల ఆడించింది, ఆలోచించింది, పట్టింది. "అబ్బా!" అన్నారు డాక్టరుగారు, మద్రాసు చదువంతా మరిచిపోయి. అదే పద్ధతిలో నాకూ ఒకటి పట్టింది. కాంపౌండరు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకుంటూ చెయ్యి చాపాడు. చెయ్యి మాత్రమే చాపుతానని ముందే ఒప్పందం చేసుకున్నాడు.

ముగ్గురం వరసగా జలగలతో కూర్చున్నాం. బావమరిది మమ్మల్ని పరీక్షగా చూశాడు. "మీరు ఆస్పత్రివాళ్లు. మీ దగ్గర సవాలక్ష మందులుంటాయి. మీకేమైనా అయినా కాచుకుంటారు. మా బావ సంగతేంటి?"

అప్పుడు గొడుగు కదిలింది. కామందుగారి భార్య మెట్లెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి, రాత్రంతా మొగుడి పక్కన మేలుకున్న కళ్లు. గాజులు పైకి లాక్కుని బల్ల మీద చెయ్యి పెట్టింది. "నాకు పట్టించండి," అంది.

"అక్కా!"

"నువ్వుండరా. ఆయనకేమైనా అయితే నేనుండి ఏం చెయ్యాలి? కలవనీ. ఇది తొందరగా తేలితే డాక్టరుగారు పడవెక్కుతారు. అక్కడ ఆయన వణికిపోతుంటే మీరిక్కడ పళ్ల గొడవ పెట్టుక్కూర్చున్నారు."

అంతా బాగానే ఉంది. కానీ ఆడవాళ్లకి జలగ పట్టించేది నేను కాదు, మామ్మ. అంటే గది తలుపు తీయాలి. ఆవిడ బయటికి రావాలి. పట్టుకారు మూడడుగుల దూరంలో ఉంది. ఆ అమ్మగారి వైపు చూశాను. ఆవిడ తలుపు వైపు చూసి, "రా మామ్మా," అని పిలిచింది.

గడియ తీశాను. మామ్మ గోడవారగా నడిచి వచ్చింది. కామందుగారి భార్య ముందు కూర్చుని, సూది తీసుకుని, జలగని ఆనించింది. మొదటిసారి జలగ జారిపోయింది. "కంగారు పడకు," అని ఆ అమ్మగారే ఆవిడ ముంజేయి పట్టుకుంది. రెండోసారి పట్టింది. "చీమ కుట్టినట్టుంటాదమ్మా," అంది మామ్మ. మామ్మ చెయ్యి కామందుగారి భార్య చేతిలో ఉంది. ఇక ఆవిణ్ణి ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? కమ్మరి పట్టుకారు తలగుడ్డలో చుట్టేశాడు. ఆ క్షణాన నాకు వాణ్ణి కావలించుకోవాలనిపించింది. జలగ ఉంది కాబట్టి ఊరుకున్నాను.

"నువ్వూ రారా," అంది అక్కగారు తమ్ముడితో. "అంత నమ్మకమున్నవాడివి, నన్నొక్కదాన్నీ ఇందులో వదిలేస్తావా?"

కుర్రవాడి మీసం దిగింది. వచ్చి కూర్చున్నాడు, చెయ్యి చాపాడు. వాడి చేతికి మామ్మే పట్టించింది, వాడే అడిగాడు ఆవిడ్ని. జలగ దానంతటది వదిలేదాకా కదలకూడదు. కాబట్టి పళ్లు పీకడానికి వచ్చినవాడు ఆ ముసలావిడ ఎదురుగా కదలకుండా కూర్చోవలసి వచ్చింది. మామ్మ ఉండబట్టలేక, "నెత్తురు మంచిదే నాయనా, ఉప్పు కాస్త ఎక్కువ తింటావు," అంది. వాడు అప్రయత్నంగా, "అవునండి," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే డాక్టరుగారు అక్కగారితో పడవెక్కి వెళ్లి, కామందుగారికి క్వినైను ఇచ్చారు. కొద్దిరోజులకి జ్వరం దిగింది. క్వినైను మాట ఎవరూ ఎత్తలేదు. నెత్తుళ్లు కలిపారు కాబట్టి తగ్గిందని రెండు గట్లూ తేల్చేశాయి. డాక్టరుగారు ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా పళ్లు కొరికేవారు. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లు ఆస్పత్రి ముందు బారులు తీరడం మొదలెట్టారు. "మాదీ ఆ కుండలో కలపండి బాబూ, ఎందుకైనా మంచిది." రైతులు, పల్లెకారులు, లేసు అల్లుకునే ఆడవాళ్లు, ఆఖరికి ఆ తాయెత్తు కానిస్టేబులు కూడా వచ్చారు. వాళ్లని తరిమి తరిమి మా తల ప్రాణం తోకకొచ్చింది. "మనం మూఢనమ్మకాన్ని పోగొట్టలేదయ్యా, దానికి ఇంకో గది కట్టిచ్చాం," అనేవారు డాక్టరుగారు. మామ్మ మాత్రం పేటలో మహారాణిలా తిరిగేది. ఆవిడకి తలుపు తీయని ఇల్లు లేదు. నోరు తగ్గిందా అంటే, లేదు.

ఓ ఏడాదిపాటు నాకూ డాక్టరుగారి మాటే సరైనదనిపించేది. ఆ కుర్రవాడు ఏమీ నేర్చుకోలేదు, చిల్లంగిని అంతే నమ్ముతున్నాడు, మనం గారడీ చేసి గండం గడిపాం, అంతే అనుకునేవాణ్ణి.

మరుసటేడు వానలు వెనకబట్టాక ఒక పొద్దున అవతలి గట్టు నుంచి పడవ నిండా జనం దిగారు. ముందు ఆ బావమరిదే. నా కళ్లు మందుల గది గడియ మీదికి పోయాయి. ఈసారి వాడి వెంట ఒక బక్కపలచని ముసలాయన ఉన్నాడు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వణుకుతున్నాడు. వెనక ఊరి మనుషులు కోపంగా ఉన్నారు. వాళ్లకీ ఆ ముసలాయనకీ మధ్య బావమరిది అడ్డంగా నడుస్తున్నాడు. వాడి చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది.

"నమస్కారమండి డ్రెస్సరుగారూ," అన్నాడు. "మా ఊళ్లో ఈయన మీద అనుమానపడ్డారండి. కొంపలు మునిగిపోకముందే తీసుకొచ్చేశాను. జలగల మామ్మగారికి కబురు పెట్టండి. ఈయనదీ, మా ఊరివాళ్లందరిదీ కలిపేయాలి."

వెనకవాళ్లు గొణిగారు. ఎవరూ ముందుకి రాలేదు. వాడు బల్ల మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ముందు నాకు పట్టించండి," అన్నాడు. "తర్వాత ఆయనకి."

మామ్మ వచ్చింది. వాడికి పట్టించాక ముసలాయన వైపు తిరిగి చెయ్యి చాపమంది. ఆయన రెండో చేత్తో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చాపాలంటే నోటి మీది చెయ్యి తీయాలి. చాలాసేపు తటపటాయించాడు. బావమరిది ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "పర్లేదు తాతా, నేనున్నాను," అన్నాడు.

ఆయన చెయ్యి తీశాడు. పళ్లన్నీ ఉన్నాయి.